మామగారి మసక మొహం

ఆ ఉదయం పత్రిక ఫొటోగ్రాఫరుకు పడ్డ పని చాలా తేలిక. పార్కులో నడకకు వచ్చేవాళ్లు నవ్వుతుండగా ఒక ఫొటో తీసుకురావాలి. చిక్కల్లా ఆఫీసులో కొత్తగా పెట్టిన రూలుతోనే. ఒప్పుకున్నవాళ్ల ముఖమే వెయ్యాలి, తక్కినవాళ్లది మసక చెయ్యాలి. ముఖాల గురించిన రూలు కనుక ముఖ్యమైన రూలే.

అతను అందరినీ అడిగాడు. అందరూ సరేనన్నారు. మధ్యలో నిలబడ్డ సొంత మామగారిని మాత్రం మొహం మీద అడగడానికి మొహమాటపడ్డాడు. అడగలేదు కనుక ఆయన ఒప్పుకోలేదు, ఒప్పుకోలేదు కనుక మసక చేశాడు.

పేపర్లో ముఖం మసక చేసేది నేరస్థులకేనని లోకానికంతా తెలుసు. ఆ గళ్ల స్వెటరూ బొజ్జా మామగారివేనని అపార్ట్‌మెంటుకంతా తెలుసు. ఎన్నిసార్లు ఓడినా పట్టు వదలని ఆయన, ఈ ఆదివారం జరిగే అపార్ట్‌మెంటు సంఘం ఎన్నికలో మళ్లీ అధ్యక్ష పదవికి నిలబడ్డారని అల్లుడికీ తెలుసు. ఈ మూడూ కలిపి చూడాలనే తట్టలేదు.

పేపరు వచ్చిన రోజు కాఫీల వేళకు మామగారి నేరం చిల్లర దొంగతనం. భోజనాల వేళకు బ్యాంకును ముంచడం. సాయంత్రం మామగారి పరామర్శకు వచ్చిన కింది ఫ్లాటాయన కుర్చీ అంచున కూర్చుని, బెయిలు ఎప్పుడు దొరికిందని మర్యాదగా అడిగాడు.

"మా నాన్న మొహం చెరిపేశారు," అంది ఫొటోగ్రాఫరు భార్య. "మా చెల్లి పెళ్లికి మీరు తీసిన ఫొటోల్లోనూ ఇంతే. అప్పుడు చెయ్యి వణికిందన్నారు."

కంగారుపడి అతను సవరణ వేయించాడు. నిన్నటి ఫొటోలో మసకగా ఉన్న పెద్దమనిషి మీద ఏ కేసూ లేదని. దాంతో ఫొటో చూడనివాళ్లూ పాత పేపరు వెతుక్కున్నారు. ఒక్క రోజులో కేసు మాఫీ చేయించుకోగల మనిషి సామాన్యుడు కాడనుకున్నారు.

ఇక అసలు ఫొటో మసక లేకుండా మళ్లీ వెయ్యడమొక్కటే దారి. ఆదివారం తిట్లకు సిద్ధపడి, ఒప్పుకోలు కాగితంతో మామగారింటికి వెళ్లాడు. ఆయన కాలు మీద కాలేసుకుని ఉన్నారు. ప్రత్యర్థి భయపడి తప్పుకున్నాడట. ఎన్నిక ఏకగ్రీవమట.

"సంతకం పెట్టండి మామయ్యగారూ. మీ పరువు నిలబెడతాను."

"నేనొప్పుకోను అల్లుడుగారూ. నా మొహం, నా ఇష్టం. మీ రూలేగా?"

"జనం మిమ్మల్ని ఏదో అనుకుంటున్నారండీ."

"అనుకోనివ్వండి. ఇన్నేళ్లూ మొహం కనపడేలా నవ్వుతూ అడిగాను. ఒక్కడు ఓటేశాడా? లిఫ్టుకు అడ్డంగా పెట్టిన బండి ఒక్కడు తీశాడా?"

రూలు రూలే. అల్లుడు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మర్నాటి నుంచి లిఫ్టుకు అడ్డంగా ఎవరూ బండి పెట్టలేదు.