చందమామ మీద ఎడమ గొట్టం

మున్సామి డిస్కుకు కొబ్బరినూనె రాస్తున్నాడు.

తలకు రాసుకునే నూనె డిస్కుకెందుకంటారా? ఆ మధ్యాహ్నం రారవాయిలో అతని ఇంటికి ఊళ్ళో ఆడవాళ్ళు సినిమా చూడటానికి వస్తున్నారు. ఆ సినిమా ఆడకూడదు. ఆడిందంటే, ఇన్నేళ్ళు కాపురం చేసిన పెళ్ళాం ముందు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో మున్సామికి తెలియదు.

సంగతి మొదటినుంచీ చెప్పాలి.

ఫిజీకి స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడు మున్సామికి పెళ్ళయింది. చక్కెర మిల్లులో గొట్టాలు బిగించే పని అతనిది. సబేటో నుంచి వచ్చిన కొత్త పెళ్ళాం బాలమ్మను బా అనే పట్నంలో సినిమాకు తీసుకెళ్ళాడు. చందమామ మీదికి ఓడ పోయే ఇంగ్లీషు కథ. ఆ రోజుల్లో ఇంగ్లీషు సినిమాకు వరుసకొకడు కథ చెప్పేవాడు ఉండాలి. అర్థమైనవాడు చెబుతాడు, మిగతావాళ్ళు వేయించిన బఠాణీలు నములుతూ వింటారు. వాళ్ళ వరుసలో ఎవరూ నోరు విప్పలేదు. బాలమ్మ మొగుడి వైపు చూసింది.

"నీకు ఇంగ్లీషు వచ్చా?"

"మిల్లులో దొరతో రోజూ అదేగా!"

దొరతో అతను రోజూ మాట్లాడే ఇంగ్లీషు మూడు ముక్కలు. గొట్టం, నట్టు, యస్సర్.

అయినా ధైర్యంగా ఆమె చెవిలో తెలుగులో మొదలుపెట్టాడు. ఓడ ఎగిరేముందు ఎవరో అంకెలు వెనక్కి లెక్కపెడుతుంటే, "చెరకు బండ్లు లెక్కేస్తున్నారు" అన్నాడు. ఇనపమనిషిని హీరోకి బావమరిదిని చేసి, ముని శాపం వల్ల అలా అయిపోయాడన్నాడు. చందమామ హీరోయిన్ పుట్టిల్లయింది. మరి అక్కడ అంత కొట్లాట దేనికని బాలమ్మ అడిగితే, "అల్లుడికి మర్యాద జరగలేదు" అన్నాడు.

చివరికి కిటికీ సీను వచ్చింది. ఓడలో ఒక్కడికే చోటు. హీరో లోపల, అమ్మాయి బయట. హీరో అద్దం మీద చెయ్యిపెట్టి, కళ్ళనిండా నీళ్ళతో ఒక మాట అన్నాడు.

సినిమా మొత్తంలో మున్సామికి నిజంగా అర్థమైంది ఆ ఒక్క మాటే.

"ఎడమ గొట్టం కారుతోంది, చూడు."

పక్కన కొత్త పెళ్ళాం ఓర్ణీ కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. గొట్టం అని ఏ నోటితో చెబుతాడు?

"నీకు కూచోడానికి చోటు లేనిచోట నేనూ కూచోను, నిలబడే ఉంటాను, అంటున్నాడు" అన్నాడు.

మర్నాడు అత్తారింటికి పోయే బస్సులో ఒకటే సీటు దొరికింది. బాలమ్మను కూచోబెట్టి, లౌటోకా పట్నం దాటేదాకా మున్సామి నిలబడే ఉన్నాడు. ఆ తరవాత ఇంట్లో ఎంత పోట్లాట జరిగినా, బాలమ్మ ఆ కిటికీ మాట తలుచుకుని కరిగిపోయేది. మున్సామి కాపురం ఆ అబద్ధం మీద హాయిగా సాగుతోంది.

ఇంతలో వీడియోలొచ్చాయి.

ముందు టేపు వచ్చింది. పెద్ద తెర బొమ్మను చిన్న పెట్టెలో పట్టించడానికి రెండు పక్కలా కోసేశారు. కిటికీ సీనులో హీరో ఎడమ పక్కకు పోయాడు, అమ్మాయి కుడి పక్కకు పోయింది. మధ్యలో కిటికీ ఒక్కటే మిగిలింది.

"మనుషులేరీ?" అంది బాలమ్మ.

"కోసేశారు, పాపిష్టివాళ్ళు! ఆ మాట కూడా ఆ పక్కనే పోయింది" అన్నాడు మున్సామి. అతనికి నిజంగానే బాధేసింది, ఎందుకంటే ఆ సినిమా అంటే అతనికీ ప్రాణం. గండం గడిచిందని ఊపిరీ పీల్చుకున్నాడు.

తరవాత రెండు బిళ్ళల సీడీ వచ్చింది. అందులో మనుషుల ముఖాలు గళ్ళ లుంగీల్లా ఉన్నాయి. హీరో అద్దం మీద చెయ్యిపెట్టి నోరు తెరవగానే మొదటి బిళ్ళ అయిపోయింది. రెండోది పెట్టేసరికి ఓడ వెళ్ళిపోయింది.

"మింగేశారు!" అన్నాడు మున్సామి.

"ఎవరు మింగినా ఆ మాటే మింగుతారేం?" అంది బాలమ్మ.

ఇప్పుడు లౌటోకా నుంచి కోడలు కామిని కొత్త డిస్కు తెచ్చింది. పాత సినిమాను కడిగి, తుడిచి, కంప్యూటర్‌తో మెరుగులు దిద్దారట. మున్సామి ముందుగా దొంగతనంగా చూశాడు. చందమామ కొత్తగా సున్నం కొట్టిన గోడలా ఉంది. పాత సినిమాలో లేని వింత జంతువులు అడ్డంగా తిరుగుతున్నాయి. అవన్నీ భరించవచ్చు. కానీ కింద మాటలన్నీ హిందీలో రాసి ఉన్నాయి.

బాలమ్మ ఆ ఏడే గుడిలో విమ్లా టీచరమ్మ దగ్గర హిందీ అక్షరాలు నేర్చుకుంది. సబ్బు పొట్లం దొరికినా వదలకుండా చదువుతోంది. మున్సామికి హిందీ మాట్లాడటమే వచ్చు, అక్షరం రాదు.

అందుకే ఈ కొబ్బరినూనె.

ఆడవాళ్ళొచ్చి చాపలమీద, కుర్చీలమీద కూచున్నారు. డిస్కు పెడితే మిషను దాన్ని ఉమ్మేసింది. బాలమ్మ దాన్ని వాసన చూసింది. వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు తోమే సబ్బుతో కడిగి తెచ్చింది. అంతకుముందుకన్నా బాగా ఆడింది.

మున్సామి నెమ్మదిగా వెనక్కి పోయి ఫ్యూజు పీకాడు.

"బాబూజీ! కౌంచీ కర్తా, ఏం చేస్తున్నావక్కడ?" అని కామిని అరిచింది. ఫ్యూజు మళ్ళీ పెట్టక తప్పలేదు.

పెద్ద మందారాల కుండీ తెచ్చి టీవీ ముందు, సరిగ్గా అక్షరాలకు అడ్డంగా పెట్టాడు. "పూజకా, సినిమాకా?" అని విమ్లా టీచరమ్మ దాన్ని పక్కకు జరిపింది.

"మళ్ళీ ఏదో అయ్యేలోపు ఆ కిటికీ సీను పెట్టు కామినీ" అంది బాలమ్మ.

కామిని పెట్టింది. కుర్చీలన్నీ నిండిపోయి, మున్సామి గోడకానుకుని నిలబడ్డాడు. హీరో అద్దం మీద చెయ్యిపెట్టాడు. ఇంగ్లీషులో గొట్టం మాట మున్సామికి గంటకొట్టినట్టు వినిపించింది. కింద అక్షరాలు వచ్చాయి. కామిని అక్కడ సినిమా ఆపింది.

"చదువు బాలమ్మా" అంది టీచరమ్మ.

బాలమ్మ లేచి, తెరమీద వేలు పెట్టి, అక్షరం అక్షరం కూడబలుక్కుని హిందీలో చదివింది. నీకు కూచోడానికి చోటు లేనిచోట నేనూ కూచోను. నిలబడే ఉంటాను.

మున్సామి నోరు తెరిచాడు. ఈ మెరుగులవాళ్ళెవరో సినిమాను నిజంగానే బాగుచేశారే అనుకున్నాడు. అప్పుడు కామిని కనిపించింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని భుజాలు కదిలిపోయేలా నవ్వుతోంది. విమ్లా టీచరమ్మ పైకప్పు చూస్తోంది.

మున్సామి వంటింట్లోకి పారిపోయాడు. వెనకాలే బాలమ్మ వచ్చింది.

"ఎప్పటినుంచి తెలుసు?" అన్నాడు గోడకేసి చూస్తూ.

"హాలు బయటికొచ్చిన నిమిషం నుంచి. విమ్లా మన వెనక వరుసలోనే కూచుంది. అంతా చెప్పింది."

"మరి ఇన్నేళ్ళూ అడగలేదేం?"

"ఎందుకడగాలి? సినిమావాడు ఆ పిల్లను గొట్టం బాగుచెయ్యమన్నాడు. నువ్వు లౌటోకా దాటేదాకా నిలబడ్డావు. నేనెవరి మాట నమ్మాలి?"

మున్సామి గోడ మీంచి చూపు తిప్పి పెళ్ళాం వైపు చూశాడు.

"ఆ బావమరిది శాపం సంగతి మాత్రం వాళ్ళకు నువ్వే చెప్పాలి. అది నాకు చదవడం రాదు" అంది. మళ్ళీ తనే, "అంతకుముందు ఇది చూడు" అని సింకు కింద చూపించింది. మిల్లులో గొట్టాలన్నీ బిగించిన మనిషి ఇంట్లో, సింకు కింద ఎడమ గొట్టం ఎన్నాళ్ళనుంచో కారుతూనే ఉంది.

మున్సామి స్పానరు తెచ్చుకుని కిందికి దూరాడు. బాలమ్మ టార్చి పట్టుకుంది. ముందుగదిలోంచి, "అమ్మా, సినిమా మొదటినుంచీ పెడుతున్నాం, నీ కుర్చీ ఖాళీగానే ఉంది!" అని కామిని కేకేసింది.

"వెళ్ళి కూచో" అన్నాడు మున్సామి సింకు కిందనుంచి.

"కూచోను" అంది బాలమ్మ.