పేరమ్మ వర్ధంతికి కప్పలు అడ్డం

ఒక పెద్ద అడవిలో లోకంలోకెల్లా తెలివైన జంతుసభ ఉండేది. లోకమంటే వాగుకి ఇటుపక్క ఉన్నంతే. అటుపక్కకి ఎవరూ వెళ్లి చూడలేదు.

ఆ అడవిలోనే ముళ్లపంది పేరమ్మ బతికింది. వేర్లు తవ్వుకు తింటూ, ఏ చెట్టు వేరు ఏ చెట్టు కిందికి పాకుతుందో కనిపెట్టింది. తర్వాత అడవినంతా అలాగే చూడడం మొదలుపెట్టింది. పుట్టలు కాళ్లకి అడ్డమొస్తున్నాయని ఏనుగులు తొక్కబోతే, "పుట్ట పోతే పాము పోతుంది. పాము పోతే ఎలుకలు పెరుగుతాయి. ఆనక మీ వెదురు మొలకలు ఎవరు తింటారో ఆలోచించుకోండి" అంది. ఏనుగులు కాళ్లు వెనక్కి తీసుకున్నాయి.

ఒకదాన్ని కదిపే ముందు దానికి ఏవేవి తగులుకుని ఉన్నాయో చూడమనడమే ఆవిడ పాఠమంతా. బతికున్నన్నాళ్లూ ఆ మాటంటే అందరికీ విసుగు. పోయాక అందరికీ గౌరవం పుట్టుకొచ్చింది.

సభ కార్యదర్శి నక్క భూషణం వర్ధంతి తలపెట్టాడు. "ఆవిడ ప్రధాన శిష్యుణ్ణి నేనే. ప్రధానోపన్యాసమూ నాదే" అన్నాడు. చోటు వాగుపక్క మడుగు గట్టు. అక్కడ ఒకటే చిక్కు, కప్పల గోల.

"గురువుగారి సిద్ధాంతం వివరిస్తుంటే మధ్యలో ఈ బెకబెకలేమిటోయ్? వీళ్లని కొండ అవతలి గుంటకి పంపించెయ్" అన్నాడు, స్థలాల శాఖ చూసే కోతితో.

కప్పల పెద్ద మంగతాయారు వచ్చి బతిమాలింది. "భూషణం బాబూ, మడుగు నిండా గుడ్లున్నాయి. పిల్లలకి కాళ్లొచ్చేదాకా ఆగండి. మా పేరమ్మొదినే ఉంటే ఒప్పుకునేదా?"

"ఆవిడే ఉంటే వర్ధంతి ఎందుకుంటుందమ్మా? అడ్డదిడ్డంగా మాట్లాడకు."

కప్పలు వెళ్లాయి. మడుగు సగం పూడ్చి వేదిక కట్టారు. గుడ్లు ఆ మట్టి కింద పోయాయి. మిగిలిన సగం నీళ్లలో దోమలు పుట్టాయి.

వర్ధంతి నాటికి అవి మబ్బులా లేచాయి. ముందు వరసలో కూర్చోవలసిన దున్నలు తోకలు ఆడించీ ఆడించీ విసిగి కొండ దాటిపోయాయి. ఖాళీ అయిన వరసలో పులి వచ్చి కూర్చుంది.

"కడుపు కాలిపోతోంది. దున్నలేవి?" అని అడిగింది.

వలసల శాఖ ఎలుగుబంటి లేచింది. "దోమల బాధకి పోయాయండి. దోమలు నా శాఖ కాదు."

దోమల శాఖ గబ్బిలం తలకిందులుగానే జవాబిచ్చింది. "తినే కప్పలు లేక దోమలు పెరిగాయండి. కప్పలు నా శాఖ కాదు."

"నన్ను చూడకండి. భూషణంగారి ఉపన్యాసం వినపడదంటే పంపించాను" అంది కోతి.

పేరమ్మ పాఠం ఆ పూట సభలో అందరికీ ఒకేసారి బోధపడింది. తప్పెవరి నెత్తిన పెట్టాలో తేల్చడానికి అది ఇంత బాగా పనికొస్తుందని అంతవరకూ ఎవరికీ తెలియదు.

పులి వేదిక ఎక్కింది. "ప్రధాన శిష్యుడివి కదా. ఇదంతా నీకు ముందే తట్టలేదేం?"

భూషణం వేదిక చివరికి జరిగాడు. ఇంక జరగడానికి చోటు లేదు.

"అయ్యా, నేను శిష్యుణ్ణి కాను. ఆవిణ్ణి కలిసింది ఒక్కసారే. అదీ తిందామని వెళ్లి. మూతినిండా ముళ్లు దిగితే, ఏడవకురా అంటూ ఆవిడే పీకింది. పీకుతున్నంతసేపూ ఏదో బోధిస్తూనే ఉంది. ఆ నొప్పికి ఒక్క ముక్క నా చెవికెక్కలేదు."

ఆ ఏటి ప్రధానోపన్యాసం అంతటితో ముగిసింది.

నీతి: పెద్దల మాట వినకపోయినా అడవి ఎలాగో బతుకుతుంది, వాళ్ల వర్ధంతి మాత్రం చెయ్యకూడదు.