గ్రంథపాలకుడిగా నేను అర్హత పొందిన విధము

అడిగినవారికి పుస్తకం తీసి ఇవ్వడం లోకంలోకెల్లా ప్రమాదకరమైన పని. కనుక అర్హత పత్రం లేనివారెవరూ ఆ పనికి పూనుకోరాదని గ్రంథపాలక అర్హతా నిర్ధారణ మండలి నిరుడు తీర్మానించింది. నాచారంలోని ఓ కాలనీ గ్రంథాలయంలో పంతొమ్మిదేళ్లుగా నేను ఆ పనే చేస్తున్నాను. (ఇంతవరకు ప్రాణనష్టం లేదు. అది కేవలం అదృష్టమని మండలి అభిప్రాయం.)

నా పేరు చిదంబరం. నేను అర్హుణ్ణి కానని నలభై తొమ్మిదో ఏట తెలిసింది. నిజం చెప్పాలంటే కోపం రాలేదు, ఉత్సాహం వచ్చింది. పేరు కింద ‘ధ్రువీకృత గ్రంథపాలకుడు, ప్రథమ శ్రేణి’ అని ఉంటే ఎలా ఉంటుందో కాగితం మీద రాసి చూసుకున్నాను. బాగుంది. వెంటనే దరఖాస్తు పెట్టాను.

దరఖాస్తుకు అనుభవ పత్రం జతచేయాలి. దాని మీద అర్హత గల గ్రంథపాలకుడు సంతకం చేయాలి. మండలి కొత్తది కాబట్టి అలాంటివాడు ఇంకా తయారు కాలేదు. ఈ చిక్కును ఉప్పల్‌లోని మండలి ఆఫీసులో కౌంటర్ దగ్గరున్న బిందుమాధవి గారికి విన్నవించాను.

"అర్హత వచ్చాక మీరే సంతకం పెట్టుకోండి. ప్రస్తుతానికి 'తర్వాత జతచేయబడును' అని రాయండి," అన్నారామె.

శిక్షణ నాలుగు నెలలు. ఉప్పల్ చౌరస్తాలో, టిఫిన్ సెంటర్ పైన మూడో అంతస్తులో, పది నుంచి ఐదు దాకా. గ్రంథాలయం వేళలూ అవే. తలుపుకు తాళం వేసి, ‘గ్రంథాలయం నడపడం నేర్చుకొనుటకు గ్రంథపాలకుడు వెళ్లినందున గ్రంథాలయం మూసివేయబడినది’ అని చక్కని దస్తూరితో రాసి అతికించాను. రోజూ పేపరు చదవడానికి వచ్చే గండయ్య ఆ రోజుకు దాన్నే రెండుసార్లు చదివాడు.

"పంతొమ్మిదేండ్ల సంది ఏం జేసినవ్ సారూ మరి?" అని అడిగాడు.

"అనుభవం గడించాను," అన్నాను.

ఆశ అనే అమ్మాయి సర్కారు కొలువు పరీక్ష కోసం మా దగ్గరే కూర్చుని చదివేది. వాళ్లది ఒంటిగది ఇల్లు, అయిదుగురు మనుషులు. తాళం పడ్డాక ఓరోజు ఉప్పల్ మెట్రో స్టేషన్ మెట్ల మీద చదువుకుంటూ నాకు ఎదురైంది.

"సార్, తాళంచెవి నాకియ్యున్రి. నేనే తెరిచి, నేనే ఊడ్చి, నేనే మూసేస్త."

"అర్హత లేకుండా తలుపు తీయకూడదమ్మా."

"కుర్చీల కూసొని సదువుకొనీకి గూడ అర్హత గావాల్నా?"

ఆ అధ్యాయం మాకింకా చెప్పలేదన్నాను.

శిక్షణ చివర గ్రంథాలయ తనిఖీ. వంద మార్కుల్లో నలభై పుస్తకాల లెక్కకే. బయట ఉన్న ప్రతి పుస్తకానికీ ఒక మార్కు కోత. మావి బయట ముప్ఫై ఏడున్నాయి. సంచి పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి ముప్ఫై ఆరు పట్టుకొచ్చాను. మిగిలింది ఆశ దగ్గరున్న చరిత్ర పుస్తకం.

"పరీక్ష అయినంక ఇస్త సార్. ఇంక పన్నెండు దినాలే."

"నా తనిఖీ ఎల్లుండమ్మా," అన్నాను.

ఆమె పుస్తకం తెచ్చింది. గుర్తు కోసం పేజీల మధ్య పెట్టుకున్న చీటీలను ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టింది. ఇరవై దాకా ఉంటాయి. ఆమె తీసేదాకా సంచి తెరిచి పట్టుకుని ఓపిగ్గా నిలబడ్డాను. (పాఠకుల పట్ల సహనానికి వేరే మార్కులున్నాయి.)

తనిఖీకి ఉప సహాయ నిశ్శబ్ద పర్యవేక్షణాధికారి త్రిమూర్తులు గారు వచ్చారు. గది మధ్యలో నిలబడి చాలాసేపు చెవులు రిక్కించారు. నాలుగు నెలలుగా మనిషి అడుగుపెట్టని గది. నిశ్శబ్దానికి ముప్ఫైకి ముప్ఫై. పుస్తకాల లెక్కకు నలభైకి నలభై. పాఠకుల వల్ల కలిగిన నష్టం ఏమీ లేదు కాబట్టి, సహనం మార్కులతో కలిపి మిగతా ముప్ఫై కూడా వేశారు.

"ఇంత క్రమశిక్షణ గల గ్రంథాలయం నా సర్వీసులో చూడలేదండీ. ఎలా సాధించారు?"

"మూసి ఉంచాం సార్."

ఆయన తల పంకించి, ‘ఇతర గ్రంథాలయాలు అనుసరించదగిన పద్ధతి’ అని రాసుకున్నారు.

అర్హత పత్రం చేతికొచ్చేసరికి మరో రెండు నెలలు పట్టింది. ఫ్రేము కట్టించి కుర్చీ వెనక తగిలించి, ఎవరైనా చూస్తారని తలుపులు బార్లా తీసి కూర్చున్నాను. వారం తర్వాత ఆశ వచ్చింది.

"రెండు మార్కులతోని పోయింది సార్," అంది. గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది. "మల్ల రాస్త. ఆ చరిత్ర పుస్తకం జర ఇయ్యున్రి."

పుస్తకం పక్క బీరువాలోనే ఉంది. చెయ్యి సగం దాకా వెళ్లింది కూడా. కానీ నేనిప్పుడు నియమాలు తెలియని మనిషిని కాను. అర్హత గల గ్రంథపాలకుడు అర్హత గల పాఠకులకు మాత్రమే పుస్తకం ఇవ్వాలి.

"ఉప్పల్ ఆఫీసులో ఫారం ఇస్తారమ్మా," అన్నాను. "పొద్దున్నే వెళ్తే లైను చిన్నగా ఉంటుంది."