సరాసరి ఇరవై నాలుగు డిగ్రీలు

ఆ ఉదయం మేనేజరు వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికి తనిఖీ ఆఫీసరు వచ్చేలోగా తెల్ల డబ్బాను ఇంటి నుంచి సంచిలో తెచ్చి, హాలు గోడకు మళ్ళీ తగిలించేయాలి. కరెంటు తక్కువ ఖర్చయ్యేలా కట్టిన ఆ కమ్యూనిటీ భవనంలో వేడి, చప్పుడు ఏపాటివో వారం పాటు కొలవడానికి ఆఫీసరు పెట్టి వెళ్ళిన డబ్బా అది. భవనం పరీక్ష నెగ్గితే మేనేజరు ఉద్యోగం పర్మనెంటు, లేదంటే ఊడినట్టే. అతి జాగ్రత్త మనిషి కదా, చదరంగం ఆడే పెద్దాయనలు ఎక్కడ పగలగొడతారోనని డబ్బాను మొదటి సాయంత్రమే ఇంటికి మోసుకుపోయాడు.

తెచ్చాడు, తగిలించాడు. ఆఫీసరు వచ్చి డబ్బాను కంప్యూటరుకు కలిపి కళ్ళజోడు సవరించుకున్నాడు.

"రోజూ పొద్దున ఆరింటికి నలభై ఆరు డిగ్రీలేంటండీ?"

ఇంట్లో డబ్బా వేలాడింది స్టవ్ పక్క మేకుకని మేనేజరుకు గుర్తొచ్చింది. "వ్యాయామం క్లాసండీ. పెద్దవాళ్ళు తెగ గెంతుతారు."

"రాత్రి ఎనిమిదింటికి ఈ గోలేంటి?"

అది ఇంట్లో తమ ఆలుమగల రోజువారీ వాదన. "అదీ వ్యాయామమేనండీ."

"ఏదీ, ఓసారి గెంతమనండి, చూద్దాం."

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. చదరంగం పెద్దాయనలు నలుగురినీ కాళ్ళావేళ్ళా పడి లేపాడు. పావుగంట గెంతేసరికి ఒకాయనకు నడుం పట్టేసింది, ఇంకొకాయన కాలు తగిలి ఏనుగులూ గుర్రాలూ నేలపాలయ్యాయి. హాల్లో వేడి పావు డిగ్రీ కూడా పెరగలేదు.

"సరే, నిన్న ఏడింటి నుంచీ రెండు డిగ్రీలేంటి?"

ఇది మేనేజరుకే తెలీదు. సరిగ్గా అప్పుడే అతని భార్య మధ్యాహ్నం క్యారియరు పట్టుకొచ్చింది. "ఆ డబ్బా ఊరికే కూతలు పెడుతుంటే వేడి చేసిందేమోనని ఫ్రిజ్‌లో పెట్టానండీ. పొద్దున నేనే తీసి మీ సంచిలో వేశాను. తప్పా?"

ఆఫీసరు కుర్చీలో కూలబడ్డాడు. మేనేజరుకు ఏడుపొక్కటే తక్కువ.

ఇంతలో ఆఫీసరు ఫోను మోగింది. పైఅధికారి. డబ్బా తన లెక్కలు తానే ఎప్పటికప్పుడు హెడ్డాఫీసుకు పంపేస్తోందట.

"శభాషయ్యా! ఏసీ వెయ్యకుండా వారం సరాసరి కచ్చితంగా ఇరవై నాలుగు డిగ్రీలు! మొదటి ర్యాంకు మనదే. సర్టిఫికెట్ మీద సంతకం కూడా అయిపోయింది. ఏడాది పొడుగునా ఆ అంకె నిలబెట్టమను, చాలు."

డబ్బాకు సీలు వేయడం తానే మరిచానని గుర్తొచ్చి ఆఫీసరు "అలాగే సార్" అని ఫోను పెట్టేశాడు.

మేనేజరు పర్మనెంటయ్యాడు. స్టవ్వూ ఫ్రిజ్జూ హాల్లోకి మారాయి, పెద్దాయనలు పొద్దున్నే గెంతుతున్నారు. రాత్రి ఎనిమిదింటి గోలకు మాత్రం ఎవరూ కొత్తగా కష్టపడాల్సిన పని లేకపోయింది.