రాజుగారి తడి

ఒక పెద్ద అడవిలో ఏడు నీటిగుంటలూ, వాటన్నిటికీ కలిపి ఒకే ఒక రెల్లుపుల్లా ఉండేవి. పుల్లని నీళ్లలో నిలువునా ముంచి, ఎంతమేర తడిసిందో చూసి, సభాస్థలంలో ఉన్న బండమీద గీత గీయాలి. ఆ పని లకుముకి పిట్టది.

ఎవరూ నేర్పింది కాదు, ముంచుతూ ముంచుతూ తనే తెలుసుకుంది. సింహంగారి మడుగులో ఊట ఉంది, మండువేసవిలోనూ వెంట్రుకవాసి తగ్గదు. రోజుకొకసారి చూస్తే చాలు, అదీ ఎక్కువే. జింకల చెలమ అలా కాదు. ఇసుకలో తవ్విన గుంట, పొద్దున నిండుగా ఉంటే మధ్యాహ్నానికి అడుగంటుతుంది. దానికి ఆరుసార్లైనా వెళ్లాలి. గుంటకీ గుంటకీ మధ్య పుల్లని ఎండలో ఆరబెట్టాలి. లేకపోతే పాత తడే కొత్త కొలతైపోతుంది.

బండమీద చెలమ గీత సగానికి దిగిందంటే, జింకల మంద కొండవతలి ఏటికి బయల్దేరాలి. ఆలస్యమైతే కూనలు నడవలేవు.

నీటి సంఘం కార్యదర్శి నక్కగారు. కాలు తడవకుండా నీళ్లని ఏలడంలో ఆయనకి ఆయనే సాటి.

"ఏమ్మా లకుముకీ, జింకలకి ఆరుసార్లా, రాజుగారికి ఒక్కసారా? ఎవరి అడవిలో ఎవరున్నారో కాస్త చెప్తావా?"

"రాజుగారి మడుగు మారదండీ. మారనిదాన్ని మాటిమాటికీ చూసి ఏం చేస్తాం?"

"మర్యాద చేస్తాం," అన్నారు నక్కగారు.

కొత్త వరస వచ్చింది. ఒకసారి రాజుగారి మడుగు, తర్వాత ఎవరిదో ఒకటి. మళ్లీ రాజుగారి మడుగు, మళ్లీ ఎవరిదో ఒకటి. రోజుకి ఎనభై మునకలు.

"మరి పుల్ల ఆరేదెప్పుడండీ?"

"ఆరడమంటే పుల్లకి సెలవు. నీకూ కావాలంటే చెప్పు. రాజుగారి గట్టులో నీ బొరియ కోసం ఇంకో లకుముకి ఎప్పట్నుంచో అర్జీ పెట్టుకునుంది."

బొరియలో నాలుగు గుడ్లున్నాయి. లకుముకి తడిపుల్లనే ముక్కున కరుచుకుని ఎగిరింది.

సాయంత్రానికి బండమీద ఏడు గీతలూ ఒకే ఎత్తున నిలిచాయి, అన్నీ రాజుగారి మట్టానికే. సింహం మురిసిపోయింది.

"నా పాలనలో ఇంత సమానత్వం ఉందని నాకే తెలీదయ్యా."

పుల్లకి పూలదండ వేశారు. దండలోంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి.

'తడి ఎక్కడుందో అక్కడే గీశాను, అబద్ధమేం గీయలేదు' అని లకుముకి తనకి తాను చెప్పుకుంది. రోజుకి ఎనభైసార్లు చెప్పుకుంది.

నాలుగోనాడు ముసలి లేడి వచ్చింది, నాలుక వేలాడేసుకుని.

"బండమీద చూస్తే మా చెలమ నిండుగా ఉంది తల్లీ. వెళ్లి మూతి పెడితే ఇసుక అంటుకుంటోంది. నక్కగారిని అడిగితే, గుంటలో ఎవరు చూడమన్నారు, బండమీద చూసుకో అన్నారు. నా కళ్లే పోయాయంటావా?"

లకుముకి పుల్లని వేడి రాతిమీద పెట్టి, పక్కనే కూర్చుంది. రాజుగారి తడి పూర్తిగా ఆరేదాకా కదల్లేదు. అప్పుడు తీసుకెళ్లి చెలమలో గుచ్చింది. పుల్ల పొడిగా పైకొచ్చింది.

"కళ్లు బాగానే ఉన్నాయి పెద్దమ్మా. కూనల్ని తీసుకుని ఇప్పుడే కొండ దాటెయ్యండి."

మంద వెళ్లిపోయింది. బండమీద గీత మాత్రం అలాగే ఉంది. వరస తప్పి కొలిచినదాన్ని గీసే అధికారం పిట్టలకి లేదు కదా.

ఆ సాయంత్రం సింహం వేటకి బయల్దేరుతూ బండకేసి చూసింది. చెలమ నిండుగా ఉంది, జింకలు రాక చస్తాయా అనుకుని పొద చాటున కూర్చుంది. మర్నాడూ కూర్చుంది, ఆ మర్నాడూ కూర్చుంది. నాలుగోనాటికి డొక్కలు లెక్కపెట్టడానికి వీలుగా తేలాయి. నక్కగారికి కబురు వెళ్లింది.

"చెలమ సంగతేమిటి?"

"నిండుగా ఉంది ప్రభూ," అని నక్కగారు బండ చూపించారు.

సింహం ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసింది.

"నువ్వూ నిండుగానే ఉన్నావు," అంది.

మర్నాడు కొత్త కార్యదర్శిగా తోడేలుగారు వచ్చారు. పాతాయన రాజుగారి మడుగుని సరిగ్గా చూసుకోకే ఇంత జరిగిందని తేల్చి, మునకలు నూట అరవై చేశారు.

"చిత్తమండీ," అంది లకుముకి, పుల్లని ఎండలో పెడుతూ.

నీతి: పుల్ల తడిగా ఉన్నంతకాలం ఏ చెలమా ఎండదు.