జ్వరమొస్తే స్వయంగా రావాలి

రోగం దేవుడిస్తాడు, సెలవు మేనేజరిస్తాడు. ఇద్దరిలో దేవుడే నయం. అడక్కుండా ఇస్తాడు.

మా ఆవిడ పనిచేసిన నీటి బిల్లుల ఆఫీసులో దీనికొక నియమం ఉంది. జ్వరమొచ్చినవాడు సెలవు కోసం స్వయంగా రావాలి. మేనేజరు నుదుటి మీద చెయ్యి వేసి చూస్తారు. కాలితే సెలవు, కాలకపోతే సీటు. (ఆ చెయ్యే తర్వాతివాడి నుదుటి మీదికి వెళుతుంది. ఆ ఆఫీసులో సమానత్వం పాటించేది ఆ ఒక్క విషయంలోనే.) ఇంట్లోంచి ఫోను చేసి చెప్పే జ్వరాన్ని బద్ధకం అంటారు.

జ్వరంతో వచ్చి కూడా సెలవు అడగనివాడు కార్యదక్షుడు. ఏడాది చివర అతనికి షీల్డు ఇస్తారు.

హెడ్‌క్లర్కుగారికి వరసగా షీల్డులే. ఆయన పక్క సీటు మా ఆవిడది. ఇద్దరికీ ఒకటే టెలిఫోను. ఆవిడకు చిన్నప్పటి నుంచి ఆయాసం. గట్టిగా జలుబు చేస్తే ప్రాణం మీదికొస్తుందని ఆయనకు బాగా తెలుసు. ఒకసారి ఊపిరాడక పడిపోతే ఆస్పత్రిలో చేర్చింది ఆయనే. (పనివేళల్లో పడిపోయింది కాబట్టి అరపూట సెలవు కోశారు.)

ఆ సోమవారం ఆయన వణుకుతూ వచ్చారట. సాయంత్రం మా ఆవిడ నవ్వుతూనే చెప్పింది.

"డాక్టరు ఏమన్నాడన్నయ్యా?"

"విషజ్వరమట చెల్లెమ్మా. గది దాటొద్దు, ఎదుటివాళ్ళకి అంటుకుంటుంది అన్నాడు."

"మరెందుకొచ్చారు?"

"నేను పడుకుంటే ఈ ఊరికి బిల్లులెవరు పంపుతారు?"

"బిల్లు రాలేదని ఏ ఊరూ ఏడవదులెండి. ఇంటికెళ్ళండి."

"షీల్డు పోతుందమ్మా!" అని ఆయన అప్పుడే మోగిన ఫోను ఎత్తి, రిసీవరులోకే తుమ్మి, దాన్ని ఆవిడకు అందించారు. "ఇదిగో, నీకే."

గురువారానికి ఆవిడ ఒళ్ళు పెనంలా కాలింది. సెలవడగడానికి నేను వెళ్ళాను. మేనేజరు నా నుదుటి మీద చెయ్యి వేసి చూశారు.

"చల్లగానే ఉందే!"

"జ్వరం మా ఆవిడకండీ."

"అయితే ఆవిడనే రమ్మనండి."

ఆవిడ మంచం దిగలేదు. ఆదివారం నాడు పోయింది. (సెలవు రోజు కావడంతో ఆఫీసు పనులకు అంతరాయం కలగలేదు.)

సంతాప సభలో హెడ్‌క్లర్కుగారు మాట్లాడారు. అప్పటికి కోలుకున్నారు, గొంతు ఖంగుమంది. "చెల్లెమ్మకు ఆయుష్షు అంతే రాసిపెట్టి ఉంది" అన్నారు.

తెలిసి తెలిసి అంటించాడని ఫిర్యాదు చేశాను. మేనేజరు విచారణ పెట్టారు.

"అంటించాలని ఆయనకెందుకుంటుందయ్యా? షీల్డు కోసం వచ్చాడు, అంతే."

"కొరివి పట్టుకుని గడ్డివాములో దూరినవాడు కూడా చలి కాచుకోవడానికే దూరతాడండీ" అన్నాను.

సామెతలు సాక్ష్యానికి పనికిరావన్నారు. నష్టపోయిన ఉద్యోగి స్వయంగా హాజరై చెప్పుకోవాలని నియమం చదివారు.

మా ఆవిడ హాజరు కాలేదు. ఫిర్యాదు కొట్టేశారు. రాలేనన్న సంగతైనా స్వయంగా వచ్చి చెప్పుకోలేదని ఆవిడ మీద ఒక ముక్క రాశారు.