అత్తమ్మ ఎక్కిన బండి

కోతపండుగ ఆదివారం. సత్యానందం ఉద్దేశం చిన్నదే. పటాన్‌చెరులో అత్తగారిని స్కూటర్ మీద ఎక్కించుకుని, సంగారెడ్డి చర్చి గేటు ముందు, సంఘమంతా చూస్తుండగా దించాలి.

ఏటా ఆ పని పెద్దల్లుడు, అంటే తన తోడల్లుడు అహరోను చేసేవాడు. ఇద్దరూ ఒకే ఏడు స్కూటర్లు కొన్నారు. ఫ్యాక్టరీ గేటు దగ్గర ఎండలో నిలబడి నిలబడి సత్యానందం బండి హ్యాండిల్ పిడులు, అంచుల ప్లాస్టిక్ పట్టీలు, సీటు రెగ్జిన్ తెల్లబడ్డాయి. అహరోనువి కొన్ననాటి నలుపులోనే ఉన్నాయి. "నీ బండి బూడిదల పొర్లిన గాడిద లెక్కుంది అల్లుడా" అని అత్తగారు సౌభాగ్యమ్మ ఒకసారి అంది. ఆ మాట సత్యానందానికి అన్నం దగ్గర కూడా గుర్తొచ్చేది.

శనివారం మెకానిక్ బషీర్‌ను అడిగాడు. "అహరోనన్న బండికి ఏం పూస్తడు?"

"ఏం పూయడు సాబ్. నీడకు పెడ్తడు, గంతే."

అహరోను కూడా బషీర్ గిరాకీయే. కాబట్టి బషీర్ రహస్యం దాస్తున్నాడని సత్యానందం తేల్చుకున్నాడు. ఇంటికి వచ్చి బూటు పాలిష్‌లో దీపం మసి కలిపాడు. మెరుపు కోసం కొబ్బరినూనె పోశాడు. తెల్లవారి లేచి నల్లగా ఉండాల్సిన ప్రతిచోటా పట్టించాడు.

భార్య సుకుమారి వేలితో ముట్టి చూసింది. "ఇంక ఆరలే."

"ఆరితే మెరుపు పోతది."

"అమ్మ తెల్లచీర కడ్తది గద?"

"చీర సంగతి ఇడిశిపెట్టు. ఇయ్యాల మీ బావ మొఖం సూడు, గంతే."

అహరోను రాకముందే అత్తగారింటి ముందు బండి ఆపాడు. సౌభాగ్యమ్మ తెల్లచీరలో, కానుకకు తెల్లకోడిని పట్టుకుని బయటికి వచ్చింది.

"గిది నీదేనా అల్లుడా? ఎవరిదన్న అడుక్కొచ్చినవా?"

"నాదే అత్తమ్మా. జల్దీ ఎక్కు."

ఆమె ఒక పక్కకు కూర్చుంది. ఒక చేత్తో కోడిని, ఇంకో చేత్తో సీటు అంచును పట్టుకుంది. చేయి గుంజినప్పుడల్లా మార్చుకుంది. దారిలో కంది ఊరు దాటేదాకా మారుస్తూనే ఉంది.

గేటు దగ్గర అందరూ చూశారు. మెచ్చుకుంటున్నారని సత్యానందం అనుకున్నాడు. అహరోను తాళం వేసిన అత్తగారిల్లు చూసి వెనక వచ్చాడు. బండి చుట్టూ తిరిగాడు. నమ్మకం కలగక సీటును రెండు చేతులతో నొక్కాడు, పిడులు పిసికాడు. లోపలికి వెళ్లి పాస్టరుగారికి చేయి కలిపాడు. పాస్టరుగారు సంఘపెద్దలందరికీ కలిపారు.

ఆరాధన అయ్యాక కానుకల వేలం మొదలైంది. పాస్టరుగారు కోడిని పైకెత్తారు. "సౌభాగ్యమ్మ గారి చుక్కలకోడి. పాడుండ్రి."

సౌభాగ్యమ్మ లేచింది. "నాది తెల్లకోడి! ఎవరో మార్చిన్రు."

"గుడిల కోడిని ఎవరు మారుస్తరమ్మా?"

"మార్చినోళ్లనే అడుగుండ్రి అయ్యగారూ!"

గంపలన్నీ వెతికారు. తెల్లకోడి దొరకలేదు. వెతికిన పెద్దలు చెమట తుడుచుకున్నారు. వాళ్ల మొహాలకూ చుక్కలు వచ్చాయి. వెనక కూర్చున్న నర్సింహమ్మ నెమ్మదిగా అంది: "అక్కా, కోడి సంగతి తర్వాత. నీ చీర ఎనక సూస్కో."

సౌభాగ్యమ్మ చూసుకుంది. తర్వాత చిన్నల్లుణ్ని చూసింది. అహరోను రెండు చేతులూ ప్యాంటు జేబుల్లో పెట్టుకున్నాడు. అదీ తెల్ల ప్యాంటే.

బయటికి వచ్చాక ఆమె సత్యానందాన్ని దాటి అహరోను బండి దగ్గరికి నడిచింది. అహరోను ఆమె చీర చూశాడు, తన సీటు చూశాడు.

"అత్తమ్మా, జెర బస్సుల రారాదు? సీటుకు మసంటుతది."

"నాకంటె నీకు సీటెక్కువైందా? ఇగ సచ్చేదాక నీ బండెక్క. ఆదివారం గుడికి, బుధవారం కూడికకు, దవాఖానకు, చుట్టాలిండ్లకు, యాడికి పోయినా చిన్నల్లుని బండే!"

సంఘమంతా విన్నది. సత్యానందం కోరినదానికన్నా ఎక్కువే దొరికింది. సౌభాగ్యమ్మ వచ్చి వెనక కూర్చుని, "పోనీ, ముందుగాల మా చెల్లె ఇంటికి" అంది.

అహరోను క్షమాపణ అడగలేదు. కీర్తన ఒకటి కూనిరాగం తీస్తూ బండి స్టార్టు చేసి వెళ్లిపోయాడు. అతని వెనక సీటు ఖాళీగా ఉంది. ఆ బండి నలుపును చూసినప్పుడు కూడా సత్యానందానికి అంత అసూయ కలగలేదు.